సున్నా పెట్టినా కదిలిన ప్లాస్మా

ఎవరైనా దయ్యాల ఊసెత్తితే వాళ్లను ఆటపట్టించి ఏడిపించే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

కొండాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. మా తమ్ముడు నరేష్ అక్కడే ఇంజనీరు. సూర్యుడిలోలాగా శక్తి పుట్టించడానికి, విపరీతంగా వేడెక్కిన వాయువును, అంటే ప్లాస్మాను, అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రాలు ఉంటాయి. ఆ ప్లాస్మా కుదురుగా ఉండదు. పొయ్యి మీది పాలలా లోపల సుళ్లు తిరిగి, అంచు దాటి పొంగుతుంది. ఆ పొంగును కంప్యూటర్లో లెక్కగట్టి బొమ్మగా చూపించడం వాడి పని.

లెక్క మొదట్లో ప్లాస్మాను కాస్త కదపాలి. లేకపోతే బొమ్మలో అది అలాగే ఉండిపోతుంది. ఎక్కడ ఎంత కదపాలో చెప్పే అంకెలను అందరూ కంప్యూటర్‌కే వదిలేస్తారు. వీడికి మాత్రం తనే టైపు చేయాలి. అదేం పిచ్చిరా అంటే నవ్వేవాడు.

మొన్నటి వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరాడు. ఆ వారమే డిస్కు నిండిందని పాత ఫోల్డర్లు తీసేస్తూ, పొరపాటున వాడిదీ తీసేశాను. వాడి అంకెలన్నీ అందులోనే, ఇంకో కాపీ లేదు. ఆ మధ్యాహ్నమే ఫోన్ చేశాడు.

"అక్కా, నా ఫోల్డర్ పైలంగ ఉన్నదా?"

"ఉందిరా. నువ్వు ఫికర్ చెయ్యకు."

తెల్లారి పోయాడు. నా తమ్ముడితో నేను మాట్లాడిన ఆఖరి మాట అబద్ధం.

నెల తర్వాత ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. పరీక్ష కోసం, కదలిక సున్నా పెట్టి లెక్క నడుపుతాం. బొమ్మ కదలకూడదు. పట్టపగలు, పక్కనే మా మేనేజరు గారు కూర్చుని ఉన్నారు. బొమ్మ కదిలింది. ఎడమవైపు ఒక పొంగు లేచి, పక్కకు వాలి, రెండుగా చీలింది.

జ్వరం రాకముందు తమ్ముడు నా ఫోన్‌కు పంపిన బొమ్మ తీసి పక్కన పెట్టాను. అదే చోటు, అదే వాలు, అదే చీలిక. అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చేశాను.

మేనేజరు గారు అంతా తిరగేసి చూశారు. సున్నా సున్నాగానే ఉంది. "లెక్కలో చిన్న చిన్న తేడాలుంటాయమ్మా, వాటివల్ల ఎప్పటికో కదలొచ్చు. కానీ అచ్చం నరేష్ బొమ్మే ఎలా వస్తుంది?" అన్నారు.

రెండోసారి నడిపాం. కదల్లేదు. అదెలా జరిగిందో నాకు తెలియదు, చెప్పగలిగినవాళ్లూ దొరకలేదు.

ఇప్పటికీ అందరూ భోజనానికి వెళ్లాక సున్నా పెట్టి నడుపుతాను. "నేనే తీసేశాన్రా" అని పైకే చెబుతాను. బొమ్మ కదలదు.