నాలుగు ముద్దల గ్రేవీ

కరోనా సద్దుమణిగి హోటళ్లు మళ్లీ నిండుతున్న ఏడాది, మే నెల మొదటి శుక్రవారం నన్ను ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత గారి ఇంటికి పది రోజుల డ్యూటీ మీద పంపారు. అప్పటికి నేను జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద రెస్టారెంట్‌లో కర్రీ మాస్టర్‌ని. మా వృత్తిలో గిన్నెలు కడగడంతో మొదలుపెడతారు. తర్వాత ఉల్లిపాయలు తరగడం. ఆ తర్వాత కమీ, అంటే మాస్టర్ పక్కన నిలబడి తిట్లు తినే వంటవాడు. ఆ పైన మాస్టర్, అంటే తిట్టేవాడు. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు ఈ మెట్లెక్కడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. చదువుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది, మధ్యలో కారణాలు అడుగుతారు కాబట్టి.

నిర్మాత గారింట్లో వారం వారం కథా చర్చలు జరిగేవి. దర్శకుడు, ఇద్దరు రచయితలు పొద్దున్నే వచ్చి సోఫాల్లో వెల్లకిలా పడుకుని ఆలోచించేవారు. మధ్యాహ్నానికి ఇంటి భోజనం వద్దని ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవారు, అదీ మా రెస్టారెంట్‌కే. ఇంట్లో వంటమనిషి ఉండగా గేటు దగ్గరికి డబ్బాలు రావడం నిర్మాత గారి భార్యకు, అంటే మేడమ్ గారికి, నామర్దాగా ఉంది. అందుకని మా ఓనరుతో మాట్లాడి నన్ను పిలిపించుకున్నారు. పదో రోజు ఆదివారం మళ్లీ చర్చ ఉంది. ఆలోపు వంటమనిషికి రెస్టారెంట్ గ్రేవీ నేర్పాలి. ఆ రోజు కూడా డబ్బాలు వస్తే మనిషిని మార్చేస్తానని మేడమ్ ఆ మనిషి ఎదురుగానే చెప్పారు.

ఆ మనిషి పేరు సువార్తమ్మ. భీమవరం వైపు మనిషి, యాభై దాటింది. భర్త పోయిన దగ్గర్నుంచి ఏడేళ్లుగా ఆ ఇంటి వెనక గదిలోనే ఉంటోంది.

"వంట పోతే గది కూడా పోద్దన్నయ్యా. మీరు నేర్పేది గట్టిగా నేర్పండి," అని మాత్రం అంది.

ఆ ఇంట్లో వంటగదులు రెండు. ఒకటి హాల్లోకి తెరిచి ఉంటుంది. నల్లరాయి బల్ల, అద్దంలాంటి స్టవ్, పైన విమానం ఇంజనంత చిమ్నీ. దాంట్లో ఎవరూ వండరు. రెండోది వెనకాల, గ్యాస్ బండ పక్కన. వంటంతా అక్కడే. నాకు గౌరవం ఇచ్చి ముందు గదిలోనే మొదలుపెట్టమన్నారు. ఉల్లిపాయ ఉడికిన పది నిమిషాలకు ఆ వాసన సోఫాల్లోకి, కర్టెన్లలోకి, మేడమ్ గారి పెంపుడు కుక్కలోకి దూరింది. పదకొండో నిమిషంలో నన్ను వెనక గదికి బదిలీ చేశారు.

అసలు చిక్కు కొలతలతో వచ్చింది. నా చేతికి తెలిసిన అతి చిన్న గ్రేవీ నలభై కిలోల ఉల్లిపాయలది. ఇంటికి కావాల్సింది అరకిలో. అంటే ప్రతిదాన్నీ ఎనభైతో భాగించాలి, నేనేమో భాగహారాల దగ్గరే బడి వదిలేసినవాణ్ణి. లెక్క తేలేసరికి రెండున్నర యాలకులు, అర లవంగం వచ్చాయి. సువార్తమ్మ నా కాగితం వైపు జాలిగా చూసి, గుప్పిటతో అంచనా వేసి దినుసులు వేసేసింది. సరిగ్గా సరిపోయింది.

ఇక్కడ బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మెనూ కార్డులో అరవై కూరలుంటాయి. వంటగదిలో మాత్రం మూడే గిన్నెలు. ఉల్లిపాయను అల్లం వెల్లుల్లితో ఉడికించి, రుబ్బి, నూనె పైకి తేలేదాకా వేయిస్తే గోధుమరంగు గ్రేవీ. టమాటా, వెన్న, కశ్మీరీ మిరపకాయలతో ఎర్ర గ్రేవీ. జీడిపప్పు, పుచ్చగింజలతో తెల్ల గ్రేవీ. ఇవి పొద్దున్నే సిద్ధమైపోతాయి. ఆర్డర్ చీటీ రాగానే రెండింటిని కలిపి, పనీరో కోడిముక్కో వేసి, కసూరి మేతి అనే ఎండు మెంతాకు నలిపి చల్లి, నాలుగు నిమిషాల్లో పంపిస్తాం. పేర్లు పెట్టేది ఇంగ్లీషు వచ్చినవాళ్లు.

ఇది విని నిర్మాత గారు చాలా బాధపడ్డారు. "మూడిటినే అటు తిప్పి ఇటు తిప్పి అరవై అని అమ్ముతారా? జనాన్ని మోసం చెయ్యడం కాదా మాస్టర్?" అన్నారు. ఆయన తీసిన సినిమాలన్నీ నేను చూశాను.

మొదటి రోజు ఎర్ర గ్రేవీతో పనీరు కూర చేయించాను. మా పద్ధతి ప్రకారం గరిటె చివర నుంచి ఒక చుక్క ఎడమ చేతి మీద వేసుకుని నాకాను. తేడా లేదు, అచ్చం మాదే. మేడమ్ గారు అన్నంలో కలుపుకుని తిన్నారు. ఐదో ముద్ద దగ్గర ఆగి, "బాగానే ఉంది కానీ రెస్టారెంట్‌లా లేదు మాస్టర్," అన్నారు.

రెండో రోజు వెన్న పెంచాను. లేదన్నారు. మూడో రోజు క్రీము పెంచాను. కొలెస్ట్రాల్ గురించి చెప్పి, ఆ తర్వాత లేదన్నారు. నాలుగో రోజు తేనె చుక్క. నిర్మాత గారు కళ్లు మూసుకుని, "అన్నీ ఉన్నాయి, ఫీల్ లేదు," అన్నారు. ఆ మాటకు మందు మా మసాలా డబ్బాలో దొరకదు.

ఏడో రోజు నేనొక తప్పుడు పని చేశాను. మా రెస్టారెంట్ గిన్నెలోంచే రెండు లీటర్ల గ్రేవీ క్యాన్‌లో పట్టుకొచ్చి, సువార్తమ్మ చేసినట్టు పెట్టించాను. దాంతోనైనా గండం గడుస్తుందనుకున్నాను. మేడమ్ గారు అదే ఐదో ముద్ద దగ్గర ఆగారు.

"మాస్టర్, మీ తప్పేం లేదు. లోపం ఆమె చేతిలోనే ఉంది. సోమవారం నుంచి ఇంకొకర్ని చూసుకుంటాం."

వెనక్కి వచ్చేసరికి సువార్తమ్మ స్టవ్ తుడుస్తోంది. అంతా వినేసింది.

"మీ హోటల్ కూర కూడా నా చేతిలో పాడైపోయిందన్నమాట," అంది. తర్వాత గుడ్డ పక్కన పెట్టి, "అన్నయ్యా, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు చేసే కూర మీరెప్పుడన్నా కూర్చుని తిన్నారా?"

"దినాం ముప్పై సార్లు చూస్తనమ్మా."

"చూడ్డం కాదు. పళ్లెంలో అన్నం పెట్టుకుని తినడం."

రెస్టారెంట్‌లో వంటవాళ్లకు మెనూ కూరలు పెట్టరు. స్టాఫ్ భోజనం వేరే ఉంటుంది, పప్పు, చారు, మజ్జిగ. ఓనరు అది పొదుపు అనుకుంటాడు, మేము అదృష్టం అనుకుంటాం. ముప్పై ఎనిమిదేళ్లలో నా కూర నేను తిన్నది చేతి మీద చుక్కల్లోనే.

ఆమె పళ్లెం పెట్టింది, అన్నం వడ్డించింది, మా గ్రేవీ గిన్నె పక్కన పెట్టి ఎదురుగా నిలబడింది. మొదటి ముద్ద తిని గర్వపడ్డాను. రెండోది, మూడోది బాగున్నాయి. నాలుగో ముద్దకు నాలుక మీద మైనం రాసినట్టయింది. ఐదో ముద్ద దగ్గర నాకు తెలియకుండానే పచ్చడి సీసా కోసం చెయ్యి చాచాను.

"జర చారుంటే పొయ్యమ్మా," అన్నాను.

"సగం అన్నం అలాగే ఉంది మాస్టర్ గారూ," అని నవ్వింది. "ఇది నాలుగు ముద్దల కూర. దీంతో భోజనం ఎలా చేస్తారండీ ఎవరైనా?"

అప్పుడు మా డైనింగ్ హాలు గుర్తుకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వచ్చినవాళ్లు ముందు బయట బల్లల మీద అరగంట కూర్చుంటారు. తందూరి వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది. లోపలికి వచ్చి ఆర్డరిచ్చాక కూడా కెప్టెన్, అంటే వడ్డన చూసే మనిషి, వంటగదికి 'హోల్డ్' అని కబురు పెడతాడు. జనం తల తిప్పి తలుపు వైపు చూడటం మొదలయ్యాకే 'పికప్' అంటాడు. అప్పుడు ఆరుగురికి మూడు కూరలు వెళ్తాయి. తలా రెండు చెంచాలు, అదీ నాన్ ముక్కతో. ఐదో ముద్ద దాకా ఎవరూ రారు. మా గ్రేవీని ఇంటికి తెచ్చాం గానీ ఆ ఆకలిని తేలేదు.

ఆదివారం సువార్తమ్మ చర్చిలో మొదటి ఆరాధనకు వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేసింది. మొదటి రోజు గ్రేవీనే చేశాం, ఒక్క దినుసు మార్చలేదు. ఒంటిగంటకు భోజనం. కూర పన్నెండున్నరకే తయారు. పెట్టలేదు.

ఒకటీ పావుకు మేడమ్ గారు వచ్చారు. "పది నిమిషాలండీ," అంది సువార్తమ్మ. ఒకటిన్నరకు మళ్లీ వచ్చారు. మళ్లీ అదే జవాబు. ఒకటీ ముప్పావుకు వచ్చినప్పుడు మేడమ్ గొంతు తగ్గించి, "సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్లిపోతావా?" అన్నారు. దర్శకుడు ఫోన్ తీస్తున్నాడట.

నా ధైర్యం అక్కడితో సరి. "పంపిద్దామమ్మా, ఇగ చాలు," అన్నాను.

ఆమె తలుపు సందులోంచి హాల్లోకి చూస్తోంది. "ఆగండన్నయ్యా. ఇంకా ఫోన్ చూస్తూనే ఉన్నాడు. ఆర్డర్ పెట్టాలంటే ఇప్పుడు పెట్టినా ముప్పావుగంట పడుద్ది, ఆయనకీ తెలుసు. దాన్ని బోర్లా పెట్టనివ్వండి."

రెండుంబావుకు దర్శకుడు ఫోన్ బోర్లా పెట్టి, వంటగది తలుపు వైపు చూశాడు. సువార్తమ్మ పెనం మీద కాల్చిన నాన్‌లు, అరచేతిలో పట్టే గిన్నెల్లో కూర తీసుకెళ్లింది. అన్నం పెట్టలేదు. హాల్లో పొద్దుటి నుంచి మొదటిసారి కథ గురించి మాటలు ఆగిపోయాయి. దర్శకుడు నాన్ ముక్కతో గిన్నె అడుగు తుడిచి, "ఎక్కడి నుంచి తెప్పించారు మేడమ్?" అని అడిగాడు.

"ఇంట్లోదే. పది రోజులు నేనే దగ్గరుండి నేర్పించా," అన్నారు మేడమ్ గారు.

ఆ తర్వాతే అన్నం వెళ్లింది, సువార్తమ్మ ఇంటి చారుతో. ముగ్గురూ మారు వడ్డించుకున్నారు, దాని గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. సోమవారం కొత్త మనిషి రాలేదు. నిర్మాత గారు నన్ను గేటు దాకా సాగనంపుతూ, "చివరికి ఫీల్ పట్టుకున్నారు మాస్టర్," అన్నారు.

రెస్టారెంట్‌కి రాగానే మా ఓనరు పక్కకు పిలిచాడు. "మన మసాలా ఏమన్న చెప్పినవా వాళ్లకు?"

"లేదు సార్. లేటుగ పెట్టుమన్న, గంతే."

ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

చేతి మీద చుక్క ఉప్పూ కారం చెబుతుంది. భోజనం సంగతి పళ్లెం చెబుతుంది. ఆ రెండూ ఒకటేనని ముప్పై ఎనిమిదేళ్లు పొరబడ్డాను. నేను రిటైరయ్యే దాకా మిగిలిన రెండేళ్లలో, ఏ కమీని మాస్టర్‌గా పెంచాలన్నా తను చేసిన కూరతో పళ్లెం నిండా అన్నం నా ముందే తినమన్నాను. అరవై కూరల్లో పళ్లెం ఖాళీ చేయించినవి నాలుగే తేలాయి. మిగిలిన యాభై ఆరింటినీ మెనూలోంచి తీసేయమంటే ఓనరు ఒప్పుకోలేదు. గిన్నెలు చిన్నవి చేయమన్నాను. దానికి వెంటనే ఒప్పుకుని, కార్డు మీద వాటి పక్కన 'ప్రీమియం' అని అచ్చు వేయించాడు.