గురువుగారి కంటే సీనియర్‌ని

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే గురువుగారు పోయారని ఫోనొచ్చింది. క్రేను నడపడం నాకు నేర్పిన మనిషి. వినగానే ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇంకొన్నాళ్లు ఆగితే ఏం పోయింది ఈయనకి అనుకున్నాను.

నీళ్లు నిండిన బకెట్టుని క్రేను కొక్కేనికి తగిలించి, చుక్క ఒలక్కుండా యార్డు ఆ చివర దించమనేవారు. ఒలికితే మళ్లీ నింపుకోవాలి. “కొక్కెం ఊగితే గాలిని తిట్టకురా, సెయ్యి సూసుకో” అనేవారు. నాలుగు నెలలు నన్ను చంపుకు తిన్నారు.

అంత పనిమంతుడు సీనియారిటీ జాబితాలో నా కింద ఉండేవారు. ఆయనది చేపలు పట్టే కులం. ఆ రోజుల్లో మా కంపెనీ వాళ్ల పేట నుంచి వచ్చినవాళ్లందర్నీ, చేతిలో సర్టిఫికెట్టున్నా సరే, బస్తాలు మోసే గ్యాంగులోనే రాసుకునేది. ఆయన చేత పదకొండేళ్లు క్రేను నడిపించుకుని, కాగితం మీద మాత్రం కూలీగానే ఉంచింది. చివరికి క్రేను సెక్షన్లోకి మార్చి, సర్వీసు ఇవాళ్టి నుంచే లెక్క అంది. ఆయన నేర్పిన మేమంతా ఆయనకి సీనియర్లమైపోయాం. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా?

ఆయన కోర్టుకెళ్లారు. వెళ్లే ముందు ఎండుచేపల పొట్లంతో మా ఇంటికొచ్చారు. “కేసులో కంపెనీ పక్కన నీ పేరు కూడా ఎట్టాలన్నాడ్రా లాయరు. ఏటీ అనుకోకు.”

వాయిదా రోజు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చేవారు. జడ్జిగారు సెలవు, కంపెనీ లాయరుకి జ్వరం, ఫైలు దొరకలేదు. మళ్లీ వాయిదా.

నిరుడు కంపెనీ కొంచెం దిగొచ్చింది. జాబితాలో ఆయనకి పైనున్న వాళ్లందరూ అభ్యంతరం లేదని సంతకాలు పెడితే పాత సర్వీసు కలుపుతామంది. అందరూ పెట్టారు, నేను తప్ప. సీనియర్‌కిచ్చే ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవబోతోంది మరి. “చూద్దాం గురువుగారూ” అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఒక్కసారి చెంప పగలగొట్టి ఉంటే పెట్టేసేవాణ్ణి కదా! పైగా మర్నాడు టీ తెప్పించారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, ఆయన మీదో నా మీదో తెలీదు.

పెద్ద దినం భోజనాలయ్యాక ఆయన భార్య ఆ కాగితం తెచ్చారు. “నువ్వు సంతకం ఎడతావని బీరువాలో దాసేరు బాబూ.”

అక్కడే సంతకం పెట్టి, మర్నాడు ఆఫీసుకి పట్టుకెళ్లాను. క్లర్కు చూసి వెనక్కి తోశాడు. “కేసేసినాయన సంతకం ఏదండీ? అది నేకపోతే ఇది సెల్లదు.”

చూశాను. ఆ కాగితంలోనూ ఆయన పేరు నా కిందే ఉంది, పక్కన ఖాళీ గీతతో.