గంజి పెట్టిన కొలత

బళ్లో స్కేలు ఇస్తే వీపు గోక్కోవడానికి తప్ప ఇంకెందుకూ వాడనివాణ్ణి నేను. ఏడో తరగతితోనే చదువు చాలించుకున్నాను. అలాంటి నాకు భూమి కొలతలు చెప్పే మనిషి బందరు బస్సులో తగిలాడు.

మాది అనంతపురం. ఆటోనగర్‌లో లారీ సామాను కొనుక్కుని, బందరులో చుట్టాల దగ్గరికి వెళుతున్నాను. బెంజ్ సర్కిల్లో ఎక్కిన ఒక చేనేత పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. చేతిలో నూలు చుట్టిన కండె ఉంది.

"నూలు కొనడానికి వచ్చినారా పెద్దాయనా?" అన్నాను.

"కాదండీ, సర్వే ఆఫీసుకి. కొత్త సర్వేలో మా మగ్గం గుంట పక్కింటాయన హద్దులో పడింది. మా పాత కాగితంలో గుడి గడ, అంటే నేల కొలిచే కర్ర, లెక్కే రాసుందండీ. గుడి గోడ మీద ఆ గడ పొడవు ఎంతో చూపిస్తూ రెండు గీతలు చెక్కి ఉంటాయి. దారంతో కొలిచి తెచ్చాను. వాళ్లు చూడనే లేదు."

ఊరికో గడ ఉంటే రైతు మోసపోతాడని, వందల ఏళ్ల కిందట ఏ రాజో ఒకటే పొడవు ఖాయం చేసి గుళ్ల మీద చెక్కించాడట. ఆ గీతల దగ్గరికి ఇవాళ కూడా దారం పట్టుకుని వెళ్లేవాళ్లున్నారని నాకు తెలియదు. అయినా నా నోరు ఊరుకోదు కదా.

"దారం కొంచెం లాగితే స్థలం పెరుగుతుందనా?"

"గంజి పెట్టానండీ, సాగదు," అన్నాడు నవ్వకుండా.

"ఇప్పుడు ఆకాశం నుంచి కొలుస్తున్నారు. ఇంకా రాజుల లెక్కలేంది పెద్దాయనా?"

దానికి జవాబు దిగేటప్పుడు ఇచ్చాడు.

"రాజు కొలతని చదువురాని మా తాత కూడా వెళ్లి చూసుకున్నాడండీ. వీళ్ల కొలత చూపించమని నేను మూడు అర్జీలు పెట్టాను."