రాళ్ళుప్పు పడిన గెత్తం

అప్పలసూరి మాస్టారు ఎదురుపడితే ఎవరినీ బాగున్నావా అని అడగరు. "తొక్కలేటి ఈరోజు?" అని అడుగుతారు. పెళ్ళిలో అడుగుతారు, బ్యాంకు లైనులో అడుగుతారు. ఒకసారి అరసవల్లి గుళ్ళో ప్రదక్షిణ చేస్తూ ముందు నడుస్తున్న ఆవిణ్ణి అడిగితే, ఆవిడ కంగారుపడి మిగిలిన రెండు ప్రదక్షిణలూ ఎగ్గొట్టి వెళ్ళిపోయింది. ఆయన అడిగేది కూరగాయల తొక్కల గురించని కొత్తవాళ్ళకి తెలియడానికి రెండు రోజులు పడుతుంది. ఎందుకు అడుగుతారో తెలియడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. హేమకి ఏడాది పట్టింది.

హేమది నౌపడ. మొగుడు త్రినాథ్ గుడి దగ్గర లాడ్జిలో పని చేస్తాడు, తను ఇంట్లో జాకెట్లు కుడుతుంది. అరసవల్లిలో అద్దెకి దిగిన మర్నాడు, పాలవాడికన్నా ముందే, పిట్టగోడ మీంచి ఒక తెల్లమీసం లేచింది. దాని వెనక మాస్టారు, ఆయన చేతిలో బకెట్టు.

"తొక్కలేటమ్మా?"

"ఇంకా పొయ్యి ఎలిగించనేదండి."

"నిన్నటివి?"

"వంకాయ వండినాను."

"తొడిమలు?"

"పారేసినానండి."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. దగ్గర బంధువు పోయినట్టు తల దించుకుని, "సరేలే, తెలీక సేసినావు," అని క్షమించి వెళ్ళిపోయారు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో డ్రాయింగు మాస్టారు. అన్నేళ్ళూ పిల్లలచేత యాపిల్ పండూ కుండా గీయించారు. రిటైరైన రోజున సన్మానం చేసి మెడలో పదకొండు బంతిపూల దండలు వేశారు. ఇంటికొచ్చి వాటిని పెరట్లో పడేసి మంచమెక్కారు. ఇంక తనతో ఎవరికీ పని లేదని దిగులు. నెల్లాళ్ళకి పెరట్లోకి వెళ్తే దండల్లో దారాలు మిగిలాయి, చుట్టూ బంతి మొక్కలు లేచి ఉన్నాయి. "నాకు సేసిన సన్మానం ఇప్పటికి అక్కరకొచ్చినాది," అనుకుని ఆ పూటే అక్కడ నాలుగు వరసల ఇటుకలు పేర్చి గెత్తం వెయ్యడం మొదలెట్టారు. పల్లెల్లో పెంటకుప్ప నుంచి పొలానికి తోలే ఎరువునే మనవాళ్ళు గెత్తం అంటారు. ఎరువు దాని మానాన అది తయారవుతుంటే, మాస్టారు రోజూ దాని ముందు పీట వేసుకుని పాత క్యాలెండరు కాగితాల వెనక బొమ్మ వేస్తారు. ప్రతి బొమ్మకీ పేరుంటుంది. 'అరటితొక్క అలక', 'ఉల్లిపొరల ఊరేగింపు', 'టీపొడిలో తెల్లవారింది'.

"బీరువాలో నా సీరలకి సోటు నేదు గాని బీరతొక్కల బొమ్మలకి ఉన్నాది," అని ఆయన భార్య ధనలక్ష్మి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెబుతూనే పులిసిన పిండి గిన్నె కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి గెత్తం మీద పోస్తుంది.

వీధిలో ఎవరేం వండారో మాస్టారికి తెలిసినట్టు వాళ్ళకే తెలియదు. "నిమ్మతొక్కలు ఎక్కువవుతన్నాయి, పులిహోర కొంచెం తగ్గించండి," అని మొహం మీదే చెప్పేస్తారు. కానీ కార్తీకమాసం నెల్లాళ్ళూ నేతిదీపాలు పెట్టే జగన్నాధంగారింటి పొట్లంలో కోడిగుడ్డు పెంకులు కనిపిస్తే మాత్రం గబగబా ఆకులు కప్పేశారు. ఆ సంగతి హేమ గోడ మీంచి చూసింది కాబట్టి తెలిసింది గానీ, ఆయన నోటివెంట ఏనాడూ రాలేదు.

"అమ్మా, ఈ వీధిలో మీ ఇంటి తొక్కలు నేకపోతే నా బొమ్మే నేదు," అన్నారు ఓ రోజు హేమతో. హేమ పొంగిపోయి ఆ వారమంతా బీట్‌రూట్ వండింది. తర్వాత ఆటో గంగులుతో మాటల్లో తెలిసింది, వాళ్ళింటికీ అదే మాట, ఎదురింటికీ అదే మాట అని.

ఆషాఢంలో హేమ తండ్రి పోయాడు. తల్లి కూర్మమ్మని ఒక్కదాన్నీ నౌపడలో ఉంచలేక తీసుకొచ్చేసింది. కూర్మమ్మ నలభై ఏళ్ళు ఉప్పు మడుల్లో పార పట్టిన మనిషి. ఒక బట్టల సంచీ, అర బస్తా రాళ్ళుప్పూ తెచ్చుకుని దిగింది. దిగిన దగ్గర్నుంచీ గుమ్మంలో కూర్చుని ఒకటే మాట.

"రేపు పాసింజరెక్కి ఎల్లిపోతానే."

"ఎల్లి ఏటి సేస్తావమ్మా? జొరమొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కు నేదక్కడ."

"ఇక్కడేటి సేస్తన్నాను? తిని కూకోడానికి నానేటి సుట్టాన్నా?"

పని చెబుదామంటే కుట్టుమిషను తల్లికి రాదు, వంటిల్లు ఇద్దరికి చాలదు. ఏదో ఒక పొద్దున్న లేచేసరికి గుమ్మం ఖాళీగా ఉంటుందని ఆమెకి రోజూ భయమే.

మాస్టారు మామూలుగా గోడ మీంచి లేచి కూర్మమ్మని కూడా అదే అడిగారు. ఆమె కూతురి వైపు తిరిగింది. "పాపం పెద్దమనిషి, ఆకలైతే అన్నం అడగాల గాని తొక్కలడుగుతాడేటే?" అని, పప్పూ అన్నం కలిపి గిన్నెలో పెట్టి పంపింది. మాస్టారు అన్నం తిని, కరివేపాకు ఏరి గెత్తంలో వేసి, గిన్నె కడిగి ఇచ్చారు.

అసలు గొడవ మర్నాడు జరిగింది. ఖాళీ గిన్నె తెచ్చిన మనిషి పెరడెలా ఉందో అని కూర్మమ్మ గోడ మీంచి తొంగి చూసింది. కుప్పలో ఎర్రలు, అంటే వానపాములు, కుప్పలు తెప్పలుగా మసులుతున్నాయి. పాపం, ఈ ముసలాళ్ళ పెరడు పురుగుపట్టిపోయిందనుకుంది. జలగ పట్టినా, జెర్రి కనిపించినా, గాయమైనా, దిష్టి తగిలినా నౌపడ వాళ్ళ మందు ఒకటే. అర బస్తా రాళ్ళుప్పు మోసుకెళ్ళి కుప్ప మీద కుమ్మరించేసింది.

హేమ నోట్లో గుండుసూదులతోనే పరిగెత్తింది. ధనలక్ష్మి నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉంది. గంగులు ఆటో ఆపి వచ్చాడు. కూర్మమ్మ మాత్రం మేలు చేసిన మనిషి తృప్తితో ఖాళీ గోనె దులుపుతోంది.

"ఆ ఎర్రలే గెత్తం సేస్తాయమ్మా. ఉప్పు తగిలితే సచ్చిపోతాయి," అని హేమ చెప్పేసరికి కూర్మమ్మ చేతిలో గోనె జారిపోయింది.

మాస్టారు వచ్చి కుప్ప ముందు గొంతుక్కూర్చున్నారు. పిడికెడు తీసి చూశారు, వాసన చూశారు. "మొత్తం పోయినాది. ఏడేళ్ళ గెత్తం," అన్నారు.

"తప్పయిపోయినాది మాస్టారూ. మా అమ్మని రేపే ఊరు పంపించేస్తాను," అంది హేమ, తను ఏమంటోందో తనకే తెలియకుండా.

"పంపించేస్తే ఎలగ? మరి దీన్ని బాగు సేసేదెవరు? నాకు ఉప్పు సంగతి తెల్దు, గంగులికి తెల్దు. కూర్మమ్మగారూ, మీరే సూడాల."

కూర్మమ్మ కుప్పని చూసింది, మాస్టారిని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు బిగించింది.

"ఎన్నాళ్ళు పడతాదో సెప్పలేను బావూ."

"పడనీ."

"అయితే పార ఇటు ఇయ్యండి."

ఆ రోజు నుంచి పాసింజరు బండి మాట లేదు. కూర్మమ్మ కుప్ప చుట్టూ మడి కట్టినట్టు గట్టు కట్టింది, వాలు పెట్టి నీళ్ళు బయటికి పోవడానికి బోదె తీసింది. పొద్దున్నే నీళ్ళు పోసి, కిందికి దిగిన నీటిలో వేలు ముంచి నాలిక్కి రాసుకునేది. మాస్టారు డాక్టరు ముందు రోగి బంధువులా నిలబడి, "ఉప్పు దిగినాదా?" అనేవారు. "ఇంకా ఉన్నాది," అనేది. వీధివాళ్ళని ఆమె మాస్టారికన్నా ఎక్కువ హడలగొట్టింది. "ఊరగాయ ముక్కలు ఏసినోల్లెవరు? ఇక్కడ నాను ఉప్పు దించలేక సస్తంటే," అని గంగులు ఆటో ఆపి మరీ అడిగింది. సంక్రాంతి వెళ్ళింది, రథసప్తమి వెళ్ళింది. ఆ పండక్కి వీధిలో పోగైన చిక్కుడాకులన్నీ కూర్మమ్మ గంపతో తనే తిరిగి తెచ్చింది.

ఓ మధ్యాహ్నం హేమ కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళింది. బీరువా తీసేసరికి పైనున్న కొత్త బొమ్మలు జారి కింద పడ్డాయి. అన్నిట్లోనూ కూర్మమ్మే.

"పిన్నీ, మా అమ్మ వల్ల మాస్టారికి ఎంత నష్టమొచ్చినాదో," అంది హేమ, ఏరుతూ.

ధనలక్ష్మి నవ్వింది. "నష్టమేటే? ఒక్క ఎర్ర కూడా సావనేదు. ఎండిన ఆకుల మీద పోసిన రాళ్ళుప్పు, అప్పటికి అరగంట కానేదు. మీరు భోజనాలకెల్లిన పూట ఆయనే పైన రెండు గంపలు ఎత్తి దూరంగా పారబోసొచ్చినారు. ఆటో పాడై గంగులు మంచం దిగనప్పుడూ అంతే, కొబ్బరిపీచు నువ్వు తెస్తేనే గెత్తం నిలుస్తాదని ఆడిని లేపినారు. మీ అమ్మకి మాత్రం సెప్పకే."

ఈ మనిషికి ఎంత రుణపడ్డామో అనుకుంది హేమ. తొక్కలకోసం ఇంటింటికీ తిరుగుతున్నాడని నవ్వుకుంది ఇన్నాళ్ళూ. మనుషుల్ని వెతుక్కుంటూ తిరుగుతున్నాడు.

అప్పుడే చేతిలో ఉన్న బొమ్మ చూసింది. కూర్మమ్మ నీళ్ళ దగ్గర కూర్చుని ఉప్పు రుచి చూస్తోంది. చూపుడువేలు బురదతో నల్లగా ఉంది. నాలిక మీద ఉన్నది మాత్రం మధ్యవేలు, శుభ్రంగా తెల్లగా. బొమ్మ కింద పేరు, 'ఇంకా ఉన్నాది'.

హేమ ఇంటికి పరిగెత్తింది. తల్లి ఆనపకాయ చెక్కుతోంది.

"అమ్మా, నువ్వు ముంచే వేలు ఒకటి, నాకే వేలు ఒకటి."

కూర్మమ్మ కత్తిపీట ఆపలేదు. "గెత్తం నీళ్ళు నాకడానికి నాకేటి పిచ్చా?"

"అంటే నీకు తెలుసా?"

"నలభై ఏళ్ళు ఉప్పులో బతికినాను. ఏ ఉప్పు ఎంత దిగుతాదో తెల్దేటే? ఆ దినమే తెలుసు."

"మరి సెప్పనేదేం?"

"పెద్దమనిషి నాకోసం ఒక అబద్ధం నెత్తికెత్తుకున్నాడు. మోస్తంటే రెండో పక్క పట్టుకోవాల గాని దించెయ్ అంటామేటి? నువ్వాయనకి సెప్పకు."

ఎవరికి ఏం చెప్పకూడదో హేమ లెక్కపెట్టుకునేలోపు గోడ మీంచి తెల్లమీసం లేచింది.

"తొక్కలేటి?"

కూర్మమ్మ ఎక్కడా తెగకుండా చెక్కిన ఆనపతొక్క పట్టుకుని వెళ్ళింది. బోదె దగ్గర కూర్చుని వేలు ముంచింది, వేలు నాకింది. మాస్టారు భక్తిగా చూశారు.

"ఉప్పు దిగినాదా కూర్మమ్మగారూ?"

"ఇంకా ఉన్నాది బావూ. పై ఏడాదికి గాని అవదు."

"పడనీ, పడనీ," అన్నారు మాస్టారు.

హేమ గోడ దగ్గరికొచ్చి, పొద్దుటి నుంచీ దాచిన గిన్నె అందించింది. "వంకాయ తొడిమలండి, మాస్టారూ."