ఐసు కరిగిన మందు

అంకమ్మరావు తండ్రి మాచర్ల వైపు రాళ్ల క్వారీలో సమ్మెట కొట్టేవాడు. "నా చేతులెట్టాగూ కాయలు కాసినయ్, నువ్వన్నా సూది పట్టుకోరా" అని కొడుకును పశువుల కాంపౌండరు ట్రైనింగుకు పంపాడు. ఎనభై నాలుగో సంవత్సరం అది. సూదులు ఉడకబెట్టడం, కుమ్మే గేదెను తాడేసి పడగొట్టడం ఇట్టే పట్టుబడ్డాయి. డాక్టరుగారు మాత్రం రోజూ ఒకే మాట నూరిపోసేవాడు: "ఐసు కరిగి వేడెక్కితే టీకామందు చచ్చినట్టేరా. ఇక అది ఉత్త నీళ్లు."

విన్నాడు. విని ఏం లాభం! రోహిణి కార్తెలో సొంత ఊరి గేదెలకు గొంతువాపు టీకాలు వేసి రమ్మని ఐసులో మందుసీసాలు పెట్టిన ఫ్లాస్కు చేతికిస్తే, దారిలో ఎడ్ల బండలాగుడు పందెం కంటబడింది. ఇంకేం, అయ్యవారు బస్సు దిగాడు. ఫ్లాస్కును ఎండలో రాతిమీద పెట్టి, ఈలలేస్తూ పొద్దువాలేదాకా చూశాడు. తీరా మూత తీస్తే వేడినీళ్లు! ఆ నీళ్లు పారబోసి, ఆ మందే మర్నాడు ఊళ్లో గేదెలన్నిటికీ పొడిచాడు. ఎంత పాపిష్టి పని!

రోశమ్మ మొగుడు పోయాక ఒక్క గేదె పాలమీదే బతుకుతోంది. "సూదేస్తే పాలు తగ్గుతయ్యంటగా" అని ఆమె జంకితే, "నామీద ఒట్టు అత్తా, ఏం కాదు" అన్నాడు. ఆమె మురిసిపోయి గడ్డపెరుగుతో అన్నం పెట్టింది. అతను సగంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

కొన్నాళ్లు తేలుకుట్టిన దొంగలా ఉన్నాడు. చివరికి మనసు ఊరుకోక, మందుసీసాలు పగిలిపోయాయని డాక్టరుగారికి అబద్ధమాడి, తిట్లు తిని, కొత్త మందు తెచ్చాడు. ఈసారి ఐసు కరగనివ్వలేదు. రెండో సూది కూడా వెయ్యమన్నారని ఊళ్లో ఇంకో అబద్ధం. అందరూ వేయించుకున్నారు. రోశమ్మ మాత్రం అడ్డం నిలబడింది.

"నీ సూది పుణ్యమా అని పూటకు సోలెడు పాలు తగ్గినయ్. ఇంక నా బర్రె జోలికి రామాక."

"నీకు దండం పెడతా అత్తా, వేయించుకో."

"ఒకసారి వేశావుగా? మళ్లీ ఎందుకో చెప్పు మరి!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ పదిమంది ఉన్నారు. వాళ్లలో తండ్రి, కొడుకు చేతిలో సూదిని చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు.

"సరే, నీ ఇష్టం" అని అంకమ్మరావు సంచి సర్దుకున్నాడు.

వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున గొంతు వాచి గురక మొదలుపెట్టిన రోశమ్మ గేదె మధ్యాహ్నానికి కాళ్లు చాచింది. కబురందుకుని అంకమ్మరావు పరుగున వచ్చేసరికి జనం మూగి ఉన్నారు.

"ఏందిరా, సూదేశావుగా? ఏమైంది నీ చదువు?" అని ఎవరో ఎగిరారు.

గేదె పక్కన కూర్చున్న రోశమ్మ లేచింది. "పిల్లోణ్ణి ఏమనమాకండి. దండం పెట్టి మరీ బతిమాలాడు. నేనే ఇనలా. నా గొడ్డును నేనే చంపుకున్నా" అని తల బాదుకుంది.

అంకమ్మరావు ఆ బురదలోనే ఆమె కాళ్లముందు కూలబడ్డాడు. పందెం, ఫ్లాస్కు, వేడెక్కిన మందు, అంతా చెప్పేశాడు. తండ్రి కండువాతో మొహం కప్పుకున్నాడు. అంకమ్మరావు తల ఎత్తలేదు. ఆమె కొట్టినా బాగుండు అనుకున్నాడు.

రోశమ్మ ఏడుపు ఆపింది.

"మొదటిసారి తప్పు చేశావు, చేస్తే చేశావు. రెండోసారి వచ్చినప్పుడన్నా ఈ మాట చెబితే, నేనే తాడు పట్టుకునేదాన్నిగదరా అల్లుడూ."