బక్క ఆవులకే మొదటి బంతి

మా ఆంటీ పోయారు. అంకుల్ ఫోన్ చేసి, "నేను మేత వేసి వచ్చేసరికి పోయిందమ్మా. నన్ను దొడ్లోకి తరిమిందే తను" అని ఏడ్చేశారు. ఆంటీ నాకు బంధువు కాదు. నేను చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆదివారాలు పిలిచి అన్నం పెట్టిన మనిషి.

ప్లేనో ఊరికి ఉత్తరాన మాంసానికి అమ్మే ఆవుల మందను పెంచిన తెలుగావిడ అంటే మీలో కొందరికైనా గుర్తొస్తారు. తలా ఒక వంట తెచ్చుకునే ఏ పాట్‌లక్ విందుకి వెళ్ళినా ఎవరో ఒకరు మూతి విరిచేవారు. "పాపం కాదా ఆంటీ?"

"అది పైకెళ్ళాక తేల్చుకుంటాలే. నా దొడ్లో ఉన్నన్నాళ్ళు మాత్రం ఒక్కటీ ఆకలితో పడుకోదు" అనేవారు. అడిగినవాళ్ళ మీద నాకు ఒళ్ళు మండేది.

చలికాలం బొచ్చు దట్టంగా పెరిగి బక్క ఆవు కూడా బొద్దుగా కనిపిస్తుంది. అందుకే ఆవిడ పక్కటెముకలు తడిమి చూసేవారు. ఎముకలు చేతికి తగిలినవాటినీ, తొలిచూలువాటినీ వేరు చేసి, మంచి గడ్డీ దాణా ముందు వాటికే వేసేవారు. "పెళ్ళిలో పిల్లలకి మొదటి బంతి వేయమూ? అన్నిట్నీ కలిపి వదిలావా, పెద్దవి కుమ్మేసి తినేస్తాయి."

ఒక ఏడాది ఎర్ర తొలిచూలు ఒకటి ఎంత పెట్టినా ఒళ్ళు పట్టలేదు. ఈనే రోజులు దగ్గరపడ్డాయి. "ఇది దూడని దక్కించుకోలేదు" అని అంకుల్ కబేళా బేరగాడికి మాటిచ్చేశారు. అప్పుడు రోడ్లన్నీ ఐస్ గడ్డకట్టి ఉన్నాయి, అది కరగ్గానే ట్రక్కు వస్తుంది.

"అప్పటిదాకా అది నాది" అన్నారు ఆంటీ.

ఐస్ వల్ల నేనూ అక్కడే చిక్కుకుపోయాను. పొద్దున దొడ్లోకి వెళితే అది పడుకుని మూలుగుతోంది. ఎడమ డొక్క ఉబ్బిపోయింది, పక్కన ఖాళీ దాణా బకెట్. అంకుల్ తల దించుకున్నారు. "చలికి వణుకుతోందని... ఇంకాస్త తిననీ అనుకున్నా."

మనవాళ్ళ జబ్బే అది, కొసరి కొసరి వడ్డించడం.

"గింజ అంత పోస్తే చస్తుందండీ! అమ్మేదీ మీరే, కొసరేదీ మీరేనా?" ఆంటీ బకెట్‌ని అవతలికి విసిరేశారు. రోడ్లు బాగాలేక పశువుల డాక్టర్ రాలేనన్నాడు. గింజ ముట్టనివ్వకుండా, లేపి నడిపించమని ఫోన్‌లో చెప్పాడు. ముగ్గురం కలిసి లేపితే నాలుగడుగులు వేసి మళ్ళీ కూలబడేది. ఇక పోయినట్టే అనుకుని నేను ఏడ్చేశాను. "ఏడుపు తర్వాత, ముందు తొయ్యి!" అని ఆంటీ కసిరారు.

మధ్యాహ్నం దాటాక అది పెద్దగా తేన్చింది. చాలాసేపటికి దవడ కదిలింది, నెమరు మొదలైంది. అంకుల్ ఫోన్ తీసి బేరగాడికి రావద్దని చెప్పేశారు. ఆంటీ నా గ్లవ్ లాగేసి, నా చేతిని దాని కుడి డొక్క కింద అదిమి పట్టారు.

"ఆగు, తొందరపడకు."

వెచ్చటి తోలు వెనక నుంచి దూడ నా అరచేతిని ఒక్క తన్ను తన్నింది.