పన్నెండు మిల్లీమీటర్లు

మా కింది వాటాలో ఉండే ఆయనను కొరియర్ ఆఫీసులో అందరూ ‘మిల్లీమీటర్’ అనేవారు. గోడకు మేకు కొట్టవలసి వచ్చినా రెండుసార్లు కొలిచి కొట్టే మనిషి. ఇరవై రెండేళ్లు మోటారుసైకిలు మీద పార్శిళ్లు మోశాడు. చొక్కా జేబులో, పెన్ను ఉండవలసిన చోట, టైరు గాడి లోతు కొలిచే చిన్న గేజి ఉండేది.

అరుగు అనే క్రియకు కర్మ అక్కరలేదు. ‘టైరు అరిగింది’ అంటే వాక్యం నిండిపోతుంది. అరగదీసిన వాడెవడో చెప్పమని వ్యాకరణం నిలదీయదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఈ సంగతి చెప్పిన నేను, ఆ వెసులుబాటు ఎంత ప్రమాదకరమో ఈయనను చూశాకే తెలుసుకున్నాను. సరే, దారిలోకి వస్తాను.

ఒక ఏడాది ఆఫీసుకు సందేహం పుట్టింది: ముప్ఫై బళ్లకూ ఎప్పటిలా బయస్ టైర్లే వేయించాలా, రేడియల్‌కు మారాలా? బయస్ టైరు లోపలి దారాలు ఏటవాలుగా, పొర మీద పొరగా, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ పోతాయి. రేడియల్‌లో ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా సాగుతాయి. మొదటిది బిరుసు, రెండోది కుదుపును మింగుతుంది. ఏది ఎక్కువ దూరం మన్నుతుందో తేల్చే పని మిల్లీమీటర్‌కూ, అదే ఆఫీసులో పనిచేసే ఆయన భార్య తమ్ముడికీ అప్పగించారు. ఒకే రకం బళ్లు, ఒకే దారి, ఒకే బరువు. వెయ్యి కిలోమీటర్లకొకసారి గాడి లోతు పుస్తకంలో రాసి, ఇద్దరూ బళ్లు మార్చుకోవాలి. బావది నిదానపు చెయ్యి, బావమరిదిది దూకుడు; ఎవరి బండి వారే నడిపితే తేలేది టైరు గుణం కాదు, మనిషి గుణం. ఈ నియమం పెట్టింది మిల్లీమీటరే.

బయస్ బండి మీద తన వంతు వెయ్యి పూర్తిచేసి దిగిన నాడు ఆయన నడుం నిలబెట్టలేకపోయాడు. వెన్నుపూస జారిందని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆఫీసుకు తెలిస్తే బండి దింపేస్తారు. మళ్లీ బయస్ వంతు వచ్చేసరికి బావమరిది తాళం ఇవ్వలేదు.

“బావా, నువ్వు ఆ మెత్తటిదాని మీదే ఉండు. ఈ గాడిదను నేను తోల్తాలే.”

“మరి పుస్తకంలో ఏం రాయను?”

“మార్చుకున్నాం అని రాయి. నీ నడుం విరిగితే అక్క నన్ను గడప తొక్కనిస్తుందా?”

“తప్పురా.”

“టైరు వచ్చి సాక్ష్యం చెబుతుందేంటి!”

ఆయన రాశాడు. అప్పటినుంచి ఆఖరుదాకా అలాగే రాశాడు. లోతులన్నీ నిజమే, ‘బళ్లు మార్చుకున్నాం’ అన్న ఒక్క మాటే అబద్ధం.

పన్నెండు వేల దగ్గర బయస్ టైరు గుండైంది. రేడియల్‌కు ఇంకా సగం గాడి మిగిలింది. మేనేజరు మురిసిపోయి అన్ని బళ్లకూ రేడియల్ వేయించాడు. “పద్దెనిమిది వేలకు మారుద్దాం. తేలిపోయింది కదా, ఇక కొలతలెందుకు?” అన్నాడు.

మిల్లీమీటర్ తన టైరు మాత్రం కొలుచుకునేవాడు. ఇతరుల చక్రాల దగ్గర వంగేవాడు కాదు. నడుం సహకరించడం లేదని నాతో అన్నాడు. వంగితే ఏం కనబడుతుందోనన్న భయమని చాలా రోజులకు గాని ఒప్పుకోలేదు.

వానలు మొదలైన వారంలో, వంతెన దిగే మలుపులో, బావమరిది బండి జారింది. వెనక టైరు తిరిగింది పదమూడు వేలే. గాడి అన్నది లేదు. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

“ఆ పుస్తకం సంగతి నీకు తెలుసు కదరా! టైరు మార్పించుకోవద్దూ?” ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అన్నాడు బావ.

“ముందే ఎందుకరిగిందని అడుగుతారు. అడిగితే నీ దాకా వస్తుంది. ఊరుకో బావా. నా కాలు ఎలాగూ పోయింది, నీ ఉద్యోగం కూడా ఎందుకు?”

కాని ఇరవై తొమ్మిది బళ్లు ఇంకా పుస్తకంలోని ఆ మాటను నమ్ముకునే తిరుగుతున్నాయి. మర్నాడు పొద్దున, అందరూ బళ్లు తీసే వేళకు, ఆయన ఆఫీసు ఆవరణలో నిలబడి జరిగింది చెప్పాడు. “నీ అంకె చూశాక మళ్లీ చూసేవాణ్ని కాదు కదయ్యా!” అని మాత్రం అన్నాడు మేనేజరు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, ఆయన బండి బండికీ వంగి కొలిచాడు. మార్చవలసిన టైర్లకు సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. పదకొండు గుర్తులు. పన్నెండోది, టైరు బాగున్నా, తన బండికి. దాని తాళం బల్ల మీద పెట్టి నడిచి ఇంటికి వచ్చాడు.

భార్య చాలాకాలం ఆయనకు కంచం పెట్టేది. మాట పెట్టేది కాదు.

కాలు అతికింది, పొట్టిగా. “పన్నెండు మిల్లీమీటర్లు తగ్గిందట బావా. డాక్టర్ల మాట నేను నమ్మను, నువ్వు కొలిచి చెప్పు” అని నవ్వాడు బావమరిది. ఇంకెవరూ నవ్వలేదు. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

ఇప్పుడు ఆయన పాత టైరు ముక్కలు కోసి, పొరలు అతికించి, బావమరిది ఎడమ చెప్పుకు పన్నెండు మిల్లీమీటర్ల అడుగు వేస్తాడు. కుంటి నడకకు అది ఒక పక్కకే అరుగుతుంది. నెలనెలా కొలుస్తాడు, తొమ్మిదికి దిగితే కొత్తది వేస్తాడు. దానికో పుస్తకం ఉంది. ‘మార్చాను’ అని రాసే ముందు, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, పాత అడుగునూ కొత్తది వేసిన చెప్పునూ నా బల్ల మీద పక్కపక్కన పెడతాడు. చూశానని నేను సంతకం పెట్టేదాకా ఆ మాట రాయడు.